బాఖ్ అర్జీ

పాశ్చాత్య సంగీతంలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ స్థానం లోకవిదితం. వచనరచయితగా మాత్రం అతనిని ఎవరూ తలచుకొనరు. అందుకు అవసరం కూడ అంతగా లేదు. అతని కలం నుండి వెలువడిన వచనం చాలవరకు ఆర్గన్ పరీక్షా నివేదికలు, శిష్యులకిచ్చిన యోగ్యతాపత్రాలు, రశీదులు. అయినను 1730లో అతడు వ్రాసిన ఒక అర్జీ, ఒక ఉత్తరం విమర్శకుని దృష్టికి రాదగినవి.

అప్పటికి అతనికి 45 ఏండ్లు. 18వ ఏట ఆర్న్‌స్టాట్‌లో ఆర్గన్ వాద్యకుడుగా చేరి, బుక్స్‌టెహూడె వాద్యం వినుటకు నాలుగు వారాల సెలవుపై ల్యూబెక్ వెళ్లి, దాదాపు నాలుగు నెలలకు తిరిగివచ్చి చీవాట్లు తిన్నవాడు. వైమార్ ఆస్థానం నుండి విడుదలకై పట్టుబట్టినందుకు 1717లో నెల దినాలు ఖైదులో ఉన్నవాడు. 1723లో లైప్‌జిగ్ నగరం అతనిని కాంటరుగా నియమించింది. సెయింట్ థామస్ పాఠశాలలో బోధన, దేవాలయాలలో గాయకబృంద నాయకత్వం - రెండూ ఆ పదవిలోనివే. నగరసభవారు ముందు కోరినది టెలిమాన్‌ను, పిదప గ్రౌప్నర్‌ను.

1730 ఆగస్టు 2న సభవారు అతడు బోధనను అశ్రద్ధ చేస్తున్నాడని ఆక్షేపించినారు. ఆ మాట బొత్తిగా నిరాధారం కాదు. లాటిన్ పాఠాలు చెప్పుటకు అతడు తన సొమ్మిచ్చి మరొకరిని పెట్టుకొన్నాడు. కాని వాద్యం నేర్చుకొనువారికై ఇన్వెన్షన్లు కూర్చినవాడు కూడ అతడే. సభవారు ఆ బోధనను లెక్కలోనికి తీసుకొనలేదు.

ఆగస్టు 23 నాటి అర్జీలో ఈ ఆక్షేపణకు సమాధానమే లేదు. ఆనాటి అర్జీలకు తప్పనిసరియైన వినయవాక్యాలు కూడ లేవు. ఉన్నవి అంకెలు. నాలుగు దేవాలయాలలో పాడవలసిన బాలురు 54 మంది. వారిలో పనికివచ్చువారు 17, ఇంకను పక్వానికి రానివారు 20, బొత్తిగా పనికిరానివారు 17. ఇక నగర వాద్యకులు ఎనమండుగురు. వారి సామర్థ్యాన్ని గూర్చి నిజం చెప్పుటకు మర్యాద అడ్డువచ్చుచున్నదట! డ్రెస్డెన్‌లో రాజు వాద్యకులకు జీతమిచ్చు తీరు చూసి రమ్మని హితవు కూడ ఉన్నది. సంతకం క్రింద ‘కాంటర్’ అని లేదు, ‘సంగీత నిర్వాహకుడు’ అని ఉన్నది. తగవంతా ఆ ఒక్క మాటలో ఇమిడియున్నది. నగరానికి కావలసినది పంతులు. వచ్చినవాడు తనను పంతులని తలచుకొనలేదు.

అక్టోబరు 28న డాంజిగ్‌లోని బాల్యమిత్రుడు ఎర్డ్‌మాన్‌కు వ్రాసిన ఉత్తరంలో మరొక లెక్క ఉన్నది. ఆదాయం సుమారు 700 థేలర్లు. అంత్యక్రియలు ఎక్కువైతే అది పెరుగును, ఊరిగాలి ఆరోగ్యంగా ఉంటే తరుగును. క్రిందటి ఏడు ఆ విధంగా నూరు థేలర్లకు పైగా నష్టం! జీవితచరిత్రకారులు దీనిలో ప్రతిభావంతుని విలాపాన్ని విన్నారు. నిజానికిది చిట్టా వ్రాయువాని కంఠం. అర్జీలోనిదీ అదే.

ఈ అర్జీ నేటికీ వివాదాస్పదం. బాఖ్ బృందగానాలలో ఒక్కొక్క స్వరభాగానికి ఒక్క గాయకుడే ఉండేవాడని 1981లో జాషువా రిఫ్కిన్ వాదించినాడు. అతనిని ఖండించువారు కూడ ఈ అర్జీనే చూపుదురు. ఈ వాదంలో మరుగున పడునది ఒకటున్నది: ‘సెయింట్ మాథ్యూ పాషన్’ 1727లో తొలిసారి వినబడినది ఇటువంటి పాఠశాల కంఠాలతోనే.

మిత్రుని వలన మరొక ఉద్యోగం దొరకలేదు. బాఖ్ మరి ఇరవై ఏండ్లు అక్కడనే ఉన్నాడు. 1749 జూన్‌లో, అతడు బ్రతికియుండగానే, సభవారు ఆ పదవికి హారర్ అను మరొకనిని పరీక్షించి చూచుకొన్నారు.