‘గాయం’ అనే పదం – శిక్షాస్మృతి నిర్వచనం: ఒక పరిశీలన

1860 నాటి భారత శిక్షాస్మృతి 319వ సెక్షన్‌లోని ‘హర్ట్’ అనే మాటకు తెలుగులో తరచుగా ‘గాయం’, ‘గాయపరచడం’ అని వాడుతున్నారు. నిర్వచనంలో ఉన్నవి మూడు: శారీరకమైన నొప్పి, వ్యాధి, దౌర్బల్యం. వీటిలో ఏ ఒక్కటి కలిగించినా చాలు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 114వ సెక్షన్ కూడా ఈ మూడింటినే నిలుపుకొంది. చర్మం చిట్లాలనిగానీ నెత్తురు కనిపించాలనిగానీ రెండింటిలోనూ లేదు. తెలుగువారికి గాయమనగానే మొదట స్ఫురించేది మాత్రం అదే.

ఈ తేడా కేవలం పదచర్చ కాదు. జుట్టు పట్టి ఈడ్చినా, చెంపపై కొట్టినా గుర్తు మిగలకపోవచ్చు. ఉద్దేశపూర్వకంగా నొప్పి కలిగించారు కనుక చట్టం దృష్టిలో అది నేరమే. ‘ఒంటిమీద గాయాలు లేవు’ అని వూండ్ సర్టిఫికెట్‌లో రాసినప్పుడు వైద్యపరంగా అది సత్యమే కావచ్చు. కానీ తెలుగు పాఠకుడు దానిని ‘ఏమీ జరగలేదు’ అని చదువుకొనే ప్రమాదం ఉంది. నాలుగు గోడల మధ్య దెబ్బలు తిన్న స్త్రీ విషయంలో ఈ పొరపాటు ఫలితం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

‘తీవ్రగాయం’ దగ్గర చిక్కు మరో విధమైనది. పాత స్మృతి 320వ సెక్షన్, కొత్త సంహిత 116వ సెక్షన్ ఎనిమిది రకాలను పేర్కొంటాయి. ఎముక విరగడం వాటిలో ఒకటి; అది రెండు ముక్కలు కానవసరం లేదని, చీలినా చాలునని హోరీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పత్రికలు ‘స్వల్పగాయం’గా రాసే చిన్న చీలిక చట్టంలో తీవ్రమైనది కావచ్చు; ఎంతో భయంకరంగా కనిపించే కోత కాకపోవచ్చు. తీవ్రమైన నొప్పి అనుభవించిన, లేదా నిత్యకృత్యాలు చేసుకోలేకపోయిన కాలం ఇదివరకు 20 రోజులు, ఇప్పుడు 15. ఆసుపత్రిలో అన్నాళ్లు ఉన్నంతమాత్రాన సరిపోదు. ఆ నొప్పినో అశక్తతనో నిరూపించాలి. పట్టికలో మొట్టమొదటిది పుంస్త్వనాశనం. స్త్రీ పునరుత్పత్తి శక్తికి కలిగే నష్టానికి అందులో విడిగా పేరు లేదు. ఇది అనువాదలోపం కాదు, మూలంలోనిదే. 2023లో తిరగరాసినప్పుడైనా దీనిని సరిదిద్దవలసింది.

ప్రత్యామ్నాయ పదాల విషయానికి వస్తే, ‘హాని’ మరీ విశాలమైనది. పరువుకు, ఆస్తికి కలిగే నష్టమూ అందులోకి వస్తుంది. చట్టంలో ‘ఇంజురీ’ అనే వేరే పదానికి అది తగినది. ‘దెబ్బ’ జనం మాట; గుర్తు మిగలని చెంపదెబ్బను కూడా కలుపుకొంటుంది. కానీ వ్యాధిని అంటించడం అందులో ఇమడదు. నొప్పికి, రోగానికి, నీరసానికి సమానంగా వర్తించే శక్తి ‘పీడ’కు ఉంది. ‘దేహపీడ’ అనడం మొదట్లో కృతకంగా వినిపించవచ్చు. నిర్వచనానికి మాత్రం ‘గాయం’ కంటే అదే దగ్గరగా ఉంటుంది.