ఆర్మరర్ చేతి చలవ

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అనగానే అందరూ దాని బోల్టు రూపకర్త జేమ్స్ పారిస్ లీ పేరే చెబుతారు. న్యాయమే. 1895లో బ్రిటిష్ సైన్యం చేపట్టిన ఆ రైఫిల్ బోల్టు 60 డిగ్రీలు తిప్పితే చాలు, మౌజర్‌కు 90 కావాలి. పది తూటాల మ్యాగజైన్ తోడై, తర్ఫీదైన సిపాయి నిమిషానికి పదిహేను గుండ్లు గురిచూసి కాల్చేవాడు. నా మెప్పు మాత్రం పటాలం వెంట ఉండి తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కు.

సిపాయిల చేతులన్నీ ఒకే పొడవుండవు కదా. అందుకే మడమ కర్రలు వేర్వేరు కొలతల్లో వచ్చేవి. పొడుగువాటిపై ‘ఎల్’, పొట్టివాటిపై ‘ఎస్’ ముద్ర. ఎవరికేది కుదురుతుందో చూసి బిగించేది ఇతనే. రెండో ప్రపంచయుద్ధపు నెంబర్ 4 రకం లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్టు తలకు 0 నుంచి 3 దాకా నాలుగు సైజులు. గేజీ పెట్టి అరుగుదల చూసి, తగిన తల బిగిస్తే తుపాకీ మళ్లీ కొలువుకెక్కేది.

అసలు కిటుకంతా వాల్‌నట్ కర్రలో ఉంది. గొట్టం ఎక్కడ ఆనాలి, ఎక్కడ ఆనకూడదు అన్నది వెంట్రుకవాసి లెక్క. చెమ్మకు కర్ర ఉబ్బితే గురి తప్పుతుంది. అప్పుడు ఓపిగ్గా, పల్చగా చెక్కాలి. సగం వడ్రంగమే మరి! మన పోలీసులు దశాబ్దాలపాటు మోసిన త్రీనాట్‌త్రీ లీ-ఎన్‌ఫీల్డ్‌లోనూ, 1960లలో ఇషాపూర్ కార్ఖానా 7.62 తూటాకు మలిచిన రైఫిల్‌లోనూ ఈ కర్రపనే.