హాస్య ధారావాహికలో నిర్వహణ సంధి: ‘మాష్’ తుది భాగమును గూర్చి కొంత విచారణ

శాసనములు, ఇంటిపేర్లు, వలసల చరిత్ర అను విషయముల నడుమ ఒక అమెరికా టెలివిజను హాస్య ధారావాహికకు చోటెక్కడిదని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. ముగింపు ఏ దేశపు నాటకకర్తకైనను కష్టసాధ్యమే. నవ్వించుటకై పుట్టిన రచన నవ్వుతోనే ముగియవలెనా యను ప్రశ్నయు మెలట్టూరు భాగవతమేళమును చూచినవారికి క్రొత్తది కాదు. అచ్చట కోణంగి ముందుగా వచ్చి, గంతులు వేసి, సభను నవ్వించి తెరమఱుగగును. ప్రహ్లాద చరిత్రము ముగియువేళ నరసింహుని యెదుట వానికి పని లేదు. ఆ కోణంగియే కడవఱకు నిలిచి మంగళము పాడవలసివచ్చిన నేమగును? 1983 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి సి.బి.యస్. సంస్థ ప్రసారము చేసిన ‘గుడ్‌బై, ఫేర్‌వెల్ అండ్ ఆమెన్’ అను రెండున్నర గంటల భాగము ఈ ప్రశ్నకు ఒక సమాధానము.

దీనిని గూర్చి తెరవెనుక ముచ్చటలు కొల్లలు. వానిలో పెక్కు కాలక్షేపమునకే పనికివచ్చును. ముప్పది సెకన్ల ప్రకటనకు నాలుగున్నర లక్షల డాలర్లు పలికినదనుట, పది కోట్ల అరువది లక్షలమందికి సమీపముగా జనులు చూచిరనుట వ్యాపార చరిత్రకు ముఖ్యములు కావచ్చును గాని రసవిచారమునకు అక్కఱకు రావు. (ప్రసారము ముగియగానే న్యూయార్కు ప్రజలందఱు ఒక్కమాఱే మరుగుదొడ్లకు పరుగెత్తుటచే నగరపు నీటికాలువలు పొంగినవను కథ యొకటి కలదు. తెనాలి రామలింగని కథలవలె దానిని విని నవ్వుకొనవలసినదే.) ఏ ముచ్చట తెలిసిన పిమ్మట దృశ్యము మునుపటికంటె వేఱుగా కనబడునో, అదియే విమర్శకునకు గ్రాహ్యము.

‘మాష్’ అనగా యుద్ధరంగమునకు సమీపమున నుండు సంచార సైనిక శస్త్రవైద్యశాల. 1950–53 నాటి కొరియా యుద్ధమున అట్టి శాలలో పనిచేసిన వైద్యుడొకడు రిచర్డ్ హుకర్ అను మాఱుపేరుతో 1968లో నవల వెలువరించెను. 1970లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దానిని చలనచిత్రముగా తీసెను. 1972 సెప్టెంబరులో అది లారీ గెల్బార్ట్ చేతిలో టెలివిజను రూపము దాల్చెను. మూడేండ్ల యుద్ధమును పదునొకండు ప్రసార ఋతువులు నడిపిరి! ఆ యుద్ధమున మన దేశపు 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు దళము లెఫ్టినెంట్ కర్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వమున క్షతగాత్రులకు సేవచేసినదనియు, సంధి పిమ్మట యుద్ధఖైదీల వ్యవహారమును చక్కబెట్టు తటస్థరాజ్య సంఘమునకు తిమ్మయ్య అధ్యక్షుడై వెళ్ళెననియు స్మరించినచో, ఈ కథ మనకు మఱీ దూరపుది కాదు. ధారావాహిక ఆగినచోటనే మనవారి పని యొకటి మొదలయ్యెను.

ముందుగా అగ్ని వృత్తాంతము. బహిర్దృశ్యములకై కాలిఫోర్నియాలోని మాలిబు కొండలయందు గుడారముల శిబిరమొకటి నిర్మింపబడి యుండెను. 1982 అక్టోబరులో, తుదిభాగపు చిత్రీకరణ దినములలోనే, కార్చిచ్చు ఆ కొండలను చుట్టుకొని శిబిరమును చాలవఱకు భస్మము చేసెను. రచయితలు ఆ నష్టమును కథలోనికి తెచ్చుకొనిరి. శత్రువుల దాహక బాంబులచే అడవి అంటుకొనినట్లును, వైద్యశాల శిబిరమెత్తి తరలిపోయినట్లును, మరలివచ్చి చూడగా బూడిద మిగిలినట్లును కల్పించిరి. దీనిని సమయస్ఫూర్తి యని పొగడుట పరిపాటి. నామట్టుకు అది అర్ధసత్యమని తోచును. కథాసంవిధానమున ఈ అగ్నికి బీజము లేదు. ఫిరంగిబండి మూలమున శిబిరముపై గుండ్లు కురియుట అంతకుముందే చూపబడినది. దానికి తోడు ఈ మంట రెండవ ఉపద్రవమై, మొదటిదాని బలమును తగ్గించుచున్నది. అయినను మరలివచ్చిన దృశ్యము వేఱు. పదేండ్లు తాము మెలగిన చోటు నిజముగా కాలిపోగా, ఆ నేలపైననే నటులు నిలిచియున్నారు. అచ్చటి నల్లని కొయ్యలు చిత్రకారుడు రంగుపూసినవి కావు. ఈ సంగతి ఎఱిగినవానికి ఆ దృశ్యమున నాటకమునకును నటుల జీవితమునకును నడుమ తెర పలుచనగును. సంవిధానమున దోషము, దృశ్యమున గుణము: రెండింటిని కలిపి మెచ్చుకొనరాదు.

ఇక నవ్వు. ఆ కాలపు అమెరికా హాస్య ధారావాహికలలో ప్రేక్షకుల నవ్వును ముందే ధ్వనిముద్రణము చేసి, హాస్యోక్తి వెంట జోడించు ఆచారము కలదు. గెల్బార్టునకు అది రుచింపలేదు, ప్రసారసంస్థ పట్టుపట్టెను. తుదకు శస్త్రచికిత్స జరుగు గదిలోని దృశ్యములయందు ఆ నవ్వు వినబడరాదని ఒడంబడిక కుదిరెను. బ్రిటనులో బి.బి.సి. వారు మొత్తముగా ఆ నవ్వును తొలగించియే ప్రసారము చేసిరి. అనగా పదేండ్లపాటు అమెరికా ప్రేక్షకునకు ఎచ్చట నవ్వవలెనో యంత్రము చెప్పుచు వచ్చినది, కత్తి పట్టిన గదిలో దక్క. తుదిభాగమున ఆ యంత్రము పూర్తిగా నోరు మూసికొనినది.

ఈ మౌనమే తుదిభాగమునకు ప్రాణము. కథానాయకుడైన వైద్యుడు హాక్‌ఐ పియర్స్ మతిచెడి మానసిక వైద్యాలయమున నుండగా కథ ఆరంభమగును. సముద్రతీర విహారమునుండి మరలివచ్చు బస్సులో కాందిశీకులు ఎక్కిరి. శత్రుసైనికులు సమీపించుచుండగా అందఱు ఊపిరి బిగబట్టిరి. ఒక స్త్రీ చేతిలోని కోడి కూయుచుండగా దాని నోరు మూయింపుమని అతడు కసరెను. ఆమె దానిని చంపెను. ఇది అతడు చెప్పు కథ. వైద్యుడు మెల్లమెల్లగా త్రవ్వగా తేలిన నిజమేమన, అది కోడి కాదు, పసిబిడ్డ. సాహిత్యదర్పణకారుడు హాస్యమునకు కరుణమును విరోధిరసముగా లెక్కించెను. ఇచ్చట విరోధిరసములు పొరుగున కూర్చుండలేదు. ఒకదాని చర్మమును వేఱొకటి తొడుగుకొనినది. కోడి హాస్యపు వస్తువు. పదేండ్లుగా అతడు భరింపరాని దానినెల్ల పరిహాసముగా మార్చి చెప్పుచు వచ్చినవాడే. ఈ ఒక్క పరిహాసము మాత్రము అతనిని ఓడించినది. ఈ సన్నివేశమున వెనుకనుండి యంత్రపు నవ్వు ఒక్కటి వినబడియుండిన నేమగునో ఊహింపుడు! అయితే కోడికథ మొదట చెప్పినప్పుడు కొందఱు ప్రేక్షకులు తమంత తామే నవ్వియుందురు. ఆ నవ్వునకు వారే బాధ్యులు. దర్శకుడైన ఆలన్ ఆల్డాయే హాక్‌ఐ పాత్రధారి, ఎనిమిదిమంది రచయితలలో ఒకడును.

ఆ ఎనిమిది చేతుల జాడ తక్కినచోట్ల దాగదు. ప్రతిపాత్రకు ఒక వీడ్కోలు, ఒక గాయము పంచిపెట్టవలెనను తాపత్రయమున కథ సంత ముగిసిన వీధివలె సాగును. అందులో వించెస్టరు వృత్తాంతము ఉత్తమము. సంగీతప్రియుడగు ఆ గర్విష్ఠి, లొంగిపోయిన అయిదుగురు చీనా వాద్యకారులకు మోట్సార్టు క్లారినెట్ పంచవాద్యమును నేర్పును. వారు యుద్ధమున హతులగుదురు. అతడు ఆ రికార్డును పగులగొట్టును. ఒక్క కన్నీటిబొట్టు లేదు. స్త్రీవేషములు వేసి సైన్యమునుండి తప్పించుకొనజూచిన క్లింగరు, యుద్ధము ముగియగానే ప్రియురాలికొఱకు కొరియాలోనే నిలిచిపోవుట చక్కని విపర్యయము.

నటుల కన్నీటిని గూర్చి ఒక భ్రమ ప్రబలియున్నది: తుదిభాగము చిత్రీకరించిన దినమే వారికి తుదిదినమనియు, కావుననే ఆ దుఃఖము నిజమనియు. వాస్తవము వేఱు. కడపట చిత్రింపబడినది దీనికి ముందటి వారము ప్రసారమైన ‘యాజ్ టైమ్ గోస్ బై’ అను మామూలు అరగంట భాగము. అందులో పాత్రలు తమ గుర్తులను ఒక పెట్టెలోనుంచి భూమిలో పాతిపెట్టుదురు. నటులును ఆనవాలుగా ఒక పెట్టెను స్టూడియో ఆవరణమున పాతిరి. కొలదికాలమునకే అది నిర్మాణపు పనివానికొకనికి దొరకినదని ఆల్డా తరువాత చెప్పియున్నాడు. నిజమైన వీడ్కోలు ఒక చిన్న భాగమునకు దక్కినది; పెద్ద భాగమున మనము చూచినది అభినయము. ఇందువలన తుదిభాగమునకు లోపమేమియు రాదు. సాత్త్విక భావమును నటుడు ప్రయత్నముచేత సాధింపవలెనని భరతుని మతము.

ఇతర ధారావాహికలను ఒక్కమాట. 1977 మార్చి 19న ముగిసిన ‘మేరీ టైలర్ మూర్’ ధారావాహికలో, కొత్త యజమాని అసమర్థుడొక్కని దక్క అందఱిని తొలగించును. వారు ఒకరినొకరు కౌగిలించుకొని, విడివడ నొల్లక, గుంపుగానే కాగితపు రుమాళ్ళ పెట్టెవఱకు జరుగుదురు. కరుణమున హాస్యము అంతకంటె సొగసుగా ఒదిగిన ముగింపును నేను ఎఱుగను. 1990 మే 21న ముగిసిన ‘న్యూహార్ట్’ వేఱొక మార్గము త్రొక్కినది. సత్రపు యజమానియగు నాయకుడు గోల్ఫు బంతి తగిలి పడి, మేల్కొని చూడగా, అదే నటుని పూర్వ ధారావాహికలోని పడకగదిలో, ఆనాటి భార్య ప్రక్కన నున్నాడు! ఎనిమిదేండ్ల కథ స్వప్నమాయెను. ఈ రహస్యము పొక్కకుండుటకై తప్పుడు ముగింపు నొకదానిని వ్రాసి పంచిరి. నిర్వహణ సంధిలో అద్భుతరసము నిలువవలెనని భరతుడు విధించెను. ఆయన విధిని ఇంత చక్కగా పాటించినవారు ఆయన పేరైన వినియుండరు.

‘మాష్’లోని అద్భుతము చిన్నది. సెలవనుమాట నోట చెప్పనేలేని మిత్రుడు బి.జె. హనికట్, ఆ మాటను తెల్లని రాళ్ళతో నేలపై పేర్చి పోయెను. హెలికాప్టరు పైకెగిరిన పిమ్మటగాని హాక్‌ఐకి అది కనబడదు. ఇచ్చట తెర పడినది. ఇంతటితో విడిచియుండిన బాగుండెడిది. గుండు ప్రేలుటచే వినికిడి కోల్పోయి, ఆ సంగతి దాచిపెట్టిన పాదిరి మల్కాహీని, అదే ఏట ఆరంభించిన ‘ఆఫ్టర్‌మాష్’ అను అనుబంధ ధారావాహికలోనికి తెచ్చి, శస్త్రచికిత్సచే చెవులు బాగుచేయించిరి. అది రెండవ ఋతువులోనే నిలిచిపోయెను.