కప్పు లేని గది

మండువా ఇంటికి ఈమధ్య మళ్ళీ గిరాకీ వచ్చింది. సినిమాలో ఉమ్మడి కుటుంబం అనగానే అదే సెట్టు, రిసార్టు కట్టినా అదే నమూనా. సంతోషమే. కానీ ఈ మెచ్చుకోలులో ఎక్కువ భాగం చెక్కడపు స్తంభాలకూ ఉయ్యాల బల్లకూ పోతోంది. మండువా విలువంతా ఇంటి నడుమ కొంత మేర కప్పు వేయకుండా వదలడంలో ఉంది. ఆ ఖాళీ ఉంటే సిమెంటు స్తంభాలతోనైనా ఇల్లు చల్లగా ఉంటుంది. దాన్ని మూసేస్తే టేకు స్తంభాలు కూడా ఉత్త అలంకారమే.

గోదావరి జిల్లాల పాత లోగిలిలో నాలుగు వైపులా గదులు, వాటి ముందు వసారా, నట్టనడుమ కాస్త పల్లంగా ఆకాశం కిందికి తెరిచిన చప్టా. పెంకుల కప్పు నాలుగు పక్కలా లోపలికి వాలుతుంది గనక వాన నీరు చూరుల నుంచి అక్కడే పడి తూము గుండా బయటికి పోతుంది. చూరు కింద గంగాళం పెట్టి ఆ నీరు పట్టుకునేవారు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే చప్టా, పెంకులు వేడిని వదిలేస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి ఆ పల్లంలోకి దిగుతుంది. పగలు గదుల్లోని వేడిగాలి లేచి పోవడానికీ అదే దారి. అయితే కోస్తా ఉక్కలో ఒంటికి అంతకన్నా ముఖ్యం గాలి కదలిక. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉంచింది అందుకే. మే నెల మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు మండువాలో ఎవరూ నిలవలేరు, వసారా నీడే గతి. ధనుర్మాసంలో అదే సూర్యుడు దక్షిణానికి ఒరిగి, ఉత్తరపు వసారాలోకి ఎండ పంపుతాడు. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న రాయలసీమలోనేమో మట్టి మిద్దెకు చిన్న గవాక్షి పెట్టి, వెలుతురుకూ పొగ పోవడానికీ దారి చూపారు. ఎక్కడి వాతావరణాన్ని బట్టి అక్కడి కంత.

ఇదంతా కలవారి ఇళ్ళ ముచ్చట కదా అంటే, నిజమే. లోగిళ్ళు ఎక్కువగా భూమి, కులబలం ఉన్నవారివి; ఆ పొలాల్లో పనిచేసినవారిలో చాలామందికి అరుగు దాటి లోపలికి అడుగుపెట్టే వీలు లేదు. ఇంటి ఆడవాళ్ళకు ఆకాశం కనిపించే చోటు మండువా ఒక్కటే అయిన రోజులూ ఉన్నాయి. ఆ చరిత్రను కప్పిపుచ్చనక్కర్లేదు. గాలీ వెలుతురూ మాత్రం కులం అడగవు. ఆ పనితనాన్ని ఇవాళ ఎవరైనా వాడుకోవచ్చు.

స్థలం ఎక్కడిది అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. లెక్క వేద్దాం. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు. అందులో పది అడుగుల చదరపు మండువాకు పోయేది 100, అంటే ఆరు శాతం కూడా కాదు. నిబంధనల కోసం చుట్టూ వదిలే సందుల్లో ఎవరూ కూర్చోరు. ఏసీ డబ్బాలు, నీళ్ళ మోటారు తప్ప అక్కడ ఏమీ ఉండదు. నడిమి గదికి మాత్రం పట్టపగలు ట్యూబులైటు కావాలి. పక్కిళ్ళ గోడలు ఆనుకున్న చోట అయితే వెలుతురుకు ఇంతకు మించిన మార్గం లేదు. అపార్టుమెంటు వాసులకు ఈ వీలు లేదు, బాల్కనీ దీనికి సాటి రాదు. దొంగల భయానికి పైన ఇనుప ఊచలు చాలు. దోమలు పుట్టేది నిలవ నీటిలో. వాలు సరిగ్గా ఇచ్చి తూము పూడకుండా చూస్తే మండువాలో నీరు నిలవదు. జల్లు గదుల్లోకి రాకూడదంటే వసారాను ఇరుకు చేయకూడదు.

అసలు ముప్పు వీటి వల్ల కాదు, కట్టాక పుట్టే బుద్ధి వల్ల వస్తుంది. మొదటి వానకే విసిగి పైన ప్లాస్టిక్ రేకు పరుస్తారు. వెలుతురు వస్తోంది కదా అని సరిపెట్టుకుంటారు, కానీ ఎండ లోపలికి వచ్చి వేడి బయటికి పోక ఇల్లు ఆవిరిపెట్టె అవుతుంది. ఇల్లు కట్టబోయేవారు ప్లాను గీయించే రోజే ఇంజనీరుతో మాట్లాడండి: ఖాళీ ఎంత, వసారా వెడల్పు ఎంత, నీరు ఎటు పోతుంది. పైన రేకు వేద్దామని ఆయన అంటే మాత్రం ఒప్పుకోకండి.