తొలి విరాళం చేసినవారిదే

ఏదైనా మంచి పనికి నిధి కావాలి, మీరు కుట్టిన బొంత ఇస్తే లక్కీ డ్రాలో పెడతామని అడిగితే నేను కాదనను. పాత చీరలు పొరలుగా పరిచి ఈ అంచు నుంచి ఆ అంచుకు వరసలు కుట్టుకుంటూ పోవడం నాకు ప్రాణం. డబ్బు రూపంలో నేనిచ్చేది కొద్దిగానే ఉంటుంది. బొంతగా ఇస్తే పదిమందీ తలా ఒక టికెట్ కొని ఆ కొద్దిని పెద్ద మొత్తం చేస్తారు. చేతిపనితో నిధి సేకరించడంలో ఉన్న బలం ఇదే.

అమెరికా ఆడవాళ్లకు ఈ బలం వందేళ్ల కిందటే తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1917 డిసెంబరులో 'మోడర్న్ ప్రిసిల్లా' అనే పత్రిక ఒక్క క్విల్టుతో రెడ్‌క్రాస్‌కు వెయ్యి డాలర్లు ఎలా కూడబెట్టవచ్చో చెబుతూ నమూనా అచ్చువేసింది. క్విల్టంటే వాళ్ల బొంతే. కొంత సొమ్ము కట్టినవాళ్ల పేరు తెల్లబట్ట మీద ఎర్రదారంతో కుట్టేవారు. పేర్లు నిండాక కొన్నిచోట్ల దాన్ని వేలం వేసేవారు, కొన్నిచోట్ల టికెట్లు అమ్మి డ్రా తీసేవారు. అలా ఒకే క్విల్టు రెండుసార్లు నిధి తెచ్చేది.

వేలమా, డ్రానా అంటే నా ఓటు డ్రాకే. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో వేలంలో 450 రూపాయలకు పోయింది. 2024లో 30.01 లక్షలు పలికింది. పాట పెరిగేకొద్దీ మామూలు మనిషి చూస్తూ నిలబడాల్సిందే. డ్రాలో ఏ టికెట్టుకైనా ఒకటే అవకాశం. కుట్టు విలువ తెలిసీ కొనే స్తోమత లేని ఇంటికి కూడా ఆ బొంత చేరవచ్చు.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాత చెప్పే లెక్క. ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయి, ఎంత వచ్చింది అన్నదే వేదిక మీద వినిపిస్తుంది. వస్తువు చేసిన మనిషి ఊసుండదు. అమెరికా పన్ను చట్టంలోనూ ఇదే లోటు. 1969 నాటి మార్పు తర్వాత, కళాకారుడు తన చేతిపనిని దానమిస్తే సరుకు ఖర్చు మేరకే మినహాయింపు దొరుకుతుంది. బట్టకూ దారానికీ లెక్క కట్టిన చట్టం, కుట్టిన గంటలకు కట్టలేదు.

ఇచ్చే చేతులకు కూడా కష్టకాలం వస్తుంది. కార్ఖానా కాలిపోయినా, చెయ్యి విరిగినా రోజువారీ రాబడి ఆగిపోతుంది. అందుకే అమెరికాలోని చేతివృత్తి కళాకారులు 1985లో తమలో ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడానికి 'క్రాఫ్ట్ ఎమర్జెన్సీ రిలీఫ్ ఫండ్' పెట్టుకున్నారు.

ఇక్కడి కమిటీలైనా, అమెరికాలోని తెలుగు సంఘాలైనా, తగిన అనుమతులతో ఇలాంటి డ్రా పెట్టేవారికి నా విన్నపం ఒకటే. దాతల పట్టికలో చేసినవారి పేరు మొదట రాయండి. వస్తువు పక్కన వాళ్ల ఊరు, పట్టిన సమయం రాసి పెట్టండి. సరుకు ఖర్చు వసూళ్లలోంచి ఇచ్చేయండి. నాలాంటివాళ్లు తీరిక వేళల్లో కుట్టి ఉచితంగా ఇవ్వగలరు. ఏటికొప్పాకలోనో కొండపల్లిలోనో బొమ్మలు చేసి బతికేవారిని మాత్రం ఊరికే అడగకండి. వాళ్ల బొమ్మ సరైన ధరకు కొని డ్రాలో పెట్టండి. ఒకరిని ఆదుకోవడానికి పోగుచేసే డబ్బు మరొకరి కూలి ఎగ్గొట్టి రాకూడదు.