మిగులు ఊలు, ఒక్క కొక్కెం

స్వెట్టర్లు అల్లేవాళ్లింట్లో అరకొర ఊలు ఉండలు సంచీలో మూలుగుతుంటాయి. వాటికి క్రోషాని మించిన దారి లేదంటాను. ఆరు మూలల పలకలు రెండు అల్లితే చాలు, ముందు తెరుచుకునే స్వెట్టరు తయారు! నడిమధ్య చిన్న చుట్టుతో మొదలుపెట్టి వరసకో రంగు వేసుకుంటూ పోవచ్చు. నీలం అయిపోతే పసుపు. పలకను మడిస్తే ఒక చెయ్యీ, సగం ఒళ్లూ వచ్చేస్తాయి. చేతుల పైఅంచులు కుట్టి, రెండు పలకల్నీ వీపు దగ్గర కలపాలి. ఊలు లావు మాత్రం ఒకేలా ఉండాలి, లేదంటే అంచులు మెలితిరుగుతాయి. ఒక్కో కుట్టు పూర్తయ్యేసరికి కొక్కెం మీద మిగిలేది ఒక్క ఉచ్చే కాబట్టి, తప్పు పడితే లాగెయ్యడమే. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నర్సాపురం లేసుదీ ఇదే విద్య, కాకపోతే నూలుదారంతో. అసలు విసుగంతా చివర్న, రంగు మారినచోటల్లా వేలాడే కొసల్ని లోపలికి దూర్చడంలో. ఆ పనికి ఎవరైనా దొరికితే బావుణ్ణు.