బ్యాకప్ ఆపేస్తే సర్వర్ బాగుపడినట్టు కాదు

"సర్వర్ స్లోగా ఉందండీ, ఒకసారి చూడాలి" అని ఫోను వస్తే ర్యామ్ ఎంతుందని నేను ముందు అడగను. ఎన్నింటికి మొదలవుతోంది, ఎన్నింటికి సర్దుకుంటోంది అని అడుగుతాను. రోజంతా నెమ్మదిగా ఉండే సర్వర్‌ది ఒక జబ్బు. రోజూ ఒకే వేళకు నెమ్మదించి ఒకే వేళకు తేరుకునేదానిది వేరే జబ్బు. రెండోదాని వెనక ఎప్పుడో ఎవరో పెట్టి మరిచిపోయిన షెడ్యూల్ ఒకటి ఉంటుంది. విండోస్ అప్‌డేట్ కావచ్చు, యాంటీవైరస్ స్కాన్ కావచ్చు. నేను చూసినంతలో ఎక్కువసార్లు అది బ్యాకప్.

కూచిపూడి నుంచి అటు పామర్రు, గుడివాడ, ఇటు బందరు, కిందికి అవనిగడ్డ దాకా నేను చూసే సర్వర్లు పెద్ద డేటా సెంటర్లలో ఉండేవి కావు. రైస్ మిల్లు గుమస్తా బల్ల కింద ఒకటి, రోల్డ్‌గోల్డ్ నగల వ్యాపారి కౌంటరు వెనక ఒకటి, ఆసుపత్రిలో మందుల బీరువా పక్కన ఒకటి. ఒకే డబ్బా మీద బిల్లులు, లెక్కలు, ఫైళ్లు, ఒక్కోచోట సీసీ కెమెరాల రికార్డింగు కూడా నడుస్తాయి. అందులో ఉన్నది పోతే ఎవరు ఎంత బాకీయో చెప్పగలిగేవాళ్లు ఉండరు. అందుకే బ్యాకప్ వల్ల నెమ్మది వచ్చినప్పుడు మనం ఏం చేస్తామన్నది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది.

గుడివాడ దగ్గర ఒక మిల్లు సంగతి చెబుతాను. పొద్దున తొమ్మిదింటికి సిస్టమ్‌లు ఆన్ చేస్తే కాటా చీటీ ఒక్కటి ప్రింటు కావడానికి నిమిషాలు పడుతోంది. బయట ధాన్యం లారీలు నిలబడిపోతున్నాయి. పదింటికి సర్వర్ రీస్టార్ట్ కొడితే చక్కగా తేరుకుంటోంది. రోజూ ఇదే తంతు. ర్యామ్ పెంచారు, లాభం లేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ పది శాతం దగ్గర తీరిగ్గా ఉంది, డిస్క్ మాత్రం నూరు శాతం. రిసోర్స్ మానిటర్‌లో ఆ డిస్క్‌ను ఎవరు వాడుతున్నారో చూస్తే బ్యాకప్ ప్రోగ్రాము.

రాత్రి పదకొండుకు పెట్టిన బ్యాకప్ పొద్దున తొమ్మిదింటికి ఎందుకు నడుస్తోంది? దీపావళికి ముందు వాళ్ల యూపీఎస్ బ్యాటరీ పోయింది. రాత్రి కరెంటు పోతే డిస్క్ దెబ్బతింటుందని ఇంటికెళ్లే ముందు సర్వర్ ఆపడం మొదలుపెట్టారు. ఆ భయం న్యాయమైనదే. కానీ షెడ్యూల్‌లో ఒక చిన్న టిక్ ఉంది: నడవాల్సిన వేళ తప్పిపోతే వీలైనంత త్వరగా నడుపు అని. పొద్దున సర్వర్ లేవగానే రాత్రి తప్పిన బ్యాకప్ అప్పుడు అందుకుంటోంది. రీస్టార్ట్ కొట్టగానే అది మధ్యలో ఆగిపోతోంది, సర్వర్ తేలికపడుతోంది. అంటే వాళ్లు రోజూ మందు అనుకుని వేస్తున్నది బ్యాకప్‌ను రోజూ చంపుతోంది. చివరగా పూర్తయిన బ్యాకప్ తేదీ చూస్తే దీపావళికి ముందుది. అప్పటికి సంక్రాంతి దగ్గరపడింది.

అక్కడి గుమస్తా కుర్రాడు, "అన్నయ్యా, ఆ బ్యాకప్ తీసి పారేస్తే పోలా?" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. బయట లారీ డ్రైవరు చేత తిట్లు తినేది అతనే. అయితే ఈ మాట దాదాపు ప్రతిచోటా వింటాను. అనకుండానే చేసేసినవాళ్లనూ చూశాను. ఎవరికీ చెప్పకుండా బ్యాకప్ ఆపేస్తారు, సర్వర్ పరిగెడుతుంది, అందరూ సంతోషిస్తారు. డిస్క్ పోయిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు.

అసలు బ్యాకప్‌కు సర్వర్ ఎందుకు లొంగిపోతుంది? నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. హెడ్ ఒక చోటు నుంచి మరో చోటికి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. లెక్క వేస్తే చెల్లాచెదురుగా ఉన్న చోట్లను సెకనుకు 70, 80 సార్లకు మించి అందుకోలేదు. బ్యాకప్ లక్షల చిన్న ఫైళ్లను వరసగా తెరిచి చదువుతుంటే ఆ సార్లన్నీ దానికే పోతాయి. కాలవ ఎగువన తూములన్నీ ఒకేసారి ఎత్తేస్తే బంటుమిల్లి, కృత్తివెన్ను శివారు రైతుకు చుక్క నీరు అందని పరిస్థితే ఇక్కడ బిల్లు కొట్టే మనిషిది. నీళ్లు లేక కాదు, వంతు లేక. డెల్టాలో మనం వంతులు పెట్టుకుంటాం గానీ కాలవ పూడ్చేయం కదా!

ఆ మిల్లులో చేసిందీ వంతు మార్చడమే. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించారు, సర్వర్‌ను రాత్రి ఆన్‌లో ఉంచారు. రాత్రయితే ఖాళీయేనన్న లెక్క సార్వా కోతల కాలంలో మిల్లులకు వర్తించదు. లోడ్లు పదకొండు దాకా వస్తూనే ఉంటాయి. అందుకని బ్యాకప్‌ను పన్నెండున్నరకు జరిపాం. మొత్తం కాపీ ఆదివారం ఒక్కసారి, మిగతా రోజుల్లో మారినవి మాత్రమే. ఇంకొకటి దొరికింది: బ్యాకప్ డిస్క్ పాత రకం యూఎస్‌బీ 2.0 పోర్టుకు గుచ్చి ఉంది. అది సెకనుకు 30 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. అర టెరాబైటు కాపీ కావాలంటే నాలుగున్నర గంటలు దాటుతుంది. వెనక నీలం రంగు పోర్టులోకి మార్చితే ఒకటిన్నర గంటలోపే ముగిసింది. పైసా ఖర్చు లేని మార్పు.

బందరులో ఒక ల్యాబ్‌ది ఇంకా చిక్కు సమస్య. అక్కడ బ్యాకప్ నాలుగింటికే పూర్తవుతోంది, లాగ్ శుభ్రంగా ఉంది. అయినా ఏడింటికి రక్తపరీక్షలకు జనం వచ్చే వేళకు రిపోర్టులు తెరుచుకోవు. ఎనిమిదిన్నరకు మళ్లీ మామూలే. బ్యాకప్ అప్పటికే అయిపోయింది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించలేదు. సర్వర్ తరచుగా వాడే డేటాను ర్యామ్‌లో దగ్గర పెట్టుకుంటుంది. రాత్రి బ్యాకప్ డిస్క్ అంతా చదివేటప్పుడు, మళ్లీ ఎవరూ అడగని పాత ఫైళ్లు ఆ జాగాలోకి వచ్చి చేరతాయి. పొద్దుటికి కావలసినవి బయటికి పోతాయి. మొదటి గంటన్నరలో ప్రతిదాన్నీ మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. దీనికి తోడు బ్యాకప్ చదివే ప్రతి ఫైలునూ యాంటీవైరస్ మళ్లీ తనిఖీ చేస్తోంది. ఫైళ్లను మొత్తం చదవకుండా మారిన ముక్కలను మాత్రమే గుర్తుపెట్టుకుని తీసుకునే పద్ధతికి బ్యాకప్‌ను మార్చి, యాంటీవైరస్ తనిఖీ నుంచి ఆ ఒక్క ప్రోగ్రామును మినహాయిస్తే సర్దుకుంది.

మా ఊళ్లో ఈ పని నాకు మరీ దగ్గరగా తగులుతుంది. సిద్ధేంద్ర యోగి కాలం నుంచి కూచిపూడి నాట్యం గురువు ఒంట్లోంచి శిష్యుడి ఒంట్లోకే వచ్చింది. భామాకలాపంలో సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ గారు నడిచిన నడకను ఆయన పోయిన 2012 తరవాత పుట్టిన పిల్లలు చూడాలంటే రికార్డింగులే దిక్కు. ఇప్పుడు నాట్యం నేర్పే ఇళ్లలో టెరాబైట్ల కొద్దీ వీడియోలు పేరుకుంటున్నాయి. అలాంటి ఒకచోట బ్యాకప్ మొదలైతే సర్వర్‌లో సీపీయూ నూరు శాతానికి పోయేది. వీడియో ఫైలు ముందే బాగా కుదించి ఉంటుంది. దాన్ని గట్టిగా మరింత కుదించమని బ్యాకప్‌కు చెప్పి ఉంచారు. గంటలు కష్టపడినా సైజు దాదాపు తగ్గదు. ఆ ఫోల్డరు వరకు కుదింపు ఆపించాను. ఇంకో అలవాటు కూడా మార్పించాల్సి వచ్చింది: పండగ పేరుతోనో ఏడాది పేరుతోనో పెద్ద ఫోల్డరు పేరు మార్చినప్పుడల్లా, కొన్ని బ్యాకప్ ప్రోగ్రాములు అదంతా కొత్త సరుకనుకుని మొదటి నుంచీ కాపీ చేస్తాయి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచింది వేరే ఉంది. నిన్నటిదాకా రెండు గంటల్లో అయిన బ్యాకప్, ఏ మార్పూ లేకుండా ఆరు గంటలు పడుతుంటే దాన్ని తిట్టకండి, దాని మాట వినండి. మూడేళ్ల కిందటి బిల్లును రోజూ ఎవరూ తెరవరు. డిస్క్‌లో మూలమూలకూ వెళ్లి చదివేది ఎక్కువగా బ్యాకప్పే. ఒక మూల పాడవడం మొదలైతే అక్కడ ఒక్క ముక్క చదవడానికి డిస్క్ సెకన్ల తరబడి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ పేరిట 7వ, 153వ నంబర్ల హెచ్చరికలు పడుతుంటాయి. అలాంటి డిస్క్ ఉన్న సర్వర్‌లో బ్యాకప్ ఆపేస్తే వేగం తిరిగి వస్తుంది, చావుకబురు మాత్రం ఆగిపోతుంది. అప్పుడు చేయాల్సింది ముఖ్యమైన ఫైళ్లను ముందు వేరేచోటికి తీసి డిస్క్ మార్చడం.

నెట్‌వర్క్ కేబులును ఎలకలు కొరికినా బ్యాకప్ ఇలాగే సాగుతుంది. ఎనిమిది తీగల్లో నాలుగే మిగిలితే గిగాబిట్ లైను వంద మెగాబిట్లకు పడిపోయి, సెకనుకు 12 మెగాబైట్లకు మించి పోదు. మిల్లుల్లో ఇది మామూలే.

నెమ్మదిని వెతికేటప్పుడు తొందరపాటు ఎంత ప్రమాదమో 2017 జనవరి 31 రాత్రి సాఫ్ట్‌వేర్ కోడ్ భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థ చూసింది. డేటాబేస్ మీద భారం పెరిగి ఇబ్బంది పడుతుంటే సరిచేయబోయిన ఇంజనీరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటానే చెరిపేశారు. అప్పుడు చూసుకుంటే రోజూ నడుస్తోందనుకున్న బ్యాకప్ ఎప్పటినుంచో విఫలమవుతోంది, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన ఒక కాపీ ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. మన దేశంలో 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగి సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడింది. ఈ-హాస్పిటల్ డేటా తిరిగి వచ్చిందంటే దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టే.

కాపీ వేరేచోట ఉండాలన్న మాట మన ప్రాంతానికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 1864లో బందరును, 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచింది. నాగాయలంకలో సర్వర్ పెట్టుకుని దాని కాపీని అదే గదిలో అల్మరాలో పెడితే నీళ్లకు రెండూ ఒకటే. ఒక కాపీ ఊరి బయట, మెరక ప్రాంతంలోనో క్లౌడ్‌లోనో ఉండాలి. క్లౌడ్‌కు పంపేటప్పుడు ఆఫీసు ఇంటర్నెట్ అంతా బ్యాకప్ లాగేసి మళ్లీ "సర్వర్ స్లో" అన్న ఫిర్యాదు వస్తుంది. అక్కడ సర్వర్ తప్పేమీ లేదు, అప్‌లోడ్ లైను నిండిపోయింది. పగటిపూట ఇంత వేగం దాటొద్దని పరిమితి పెట్టే వీలు దాదాపు అన్ని బ్యాకప్ ప్రోగ్రాముల్లోనూ ఉంది.

ఈ వారం మీ ఆఫీసులోనో, దుకాణంలోనో, మీ పిల్లల బడిలోనో కంప్యూటర్లు చూసుకునేవాళ్లను కూర్చోబెట్టి రెండు అడగండి. చివరి బ్యాకప్ ఏ తేదీన పూర్తయింది? అందులోంచి ఏదో ఒక పాత ఫైలు ఇప్పుడే తీసి తెరిచి చూపించగలరా? తేదీ చెప్పలేకపోయినా, ఫైలు తెరుచుకోకపోయినా వాళ్లను కోప్పడకండి. బ్యాకప్ ఎందుకు ఆగిందో, ఎవరి పనికి అడ్డం వచ్చిందో కనుక్కుని, దానికి సరైన వేళ చూపించి ఈ రాత్రే మళ్లీ మొదలుపెట్టించండి.